గట్టు దాటినవాడి మాట

గత మాసం మా సారపాకలో జరిగిన గోష్ఠిలో ఒక యువ రచయిత కథ చదివాడు. హైదరాబాదు శివార్లలో ఒక మందుల కర్మాగారం. అందులో పరీక్షల విభాగంలో పనిచేసే కెమిస్టు, జరగని పరీక్షలు జరిగినట్లు తమ కంపెనీ కాగితాలు సృష్టిస్తున్నదని గ్రహిస్తాడు. పై అధికారులకు చెబుతాడు, వారు వినరు. చివరికి ఆ కాగితాల నకళ్లు అమెరికాలో మందులను తనిఖీ చేసే శాఖకు పంపి, భార్యాబిడ్డలతో తానూ ఆ దేశమే చేరుకుంటాడు. కథ అక్కడితో ముగుస్తుంది.

చదవడం పూర్తికాగానే మాలో పెద్దవాడైన ఒక మిత్రుడు లేచి, "ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? వీడు చెప్పిందే నిజమైతే, తలదాచుకోవడానికి వీడికి అమెరికావాడి పంచ తప్ప మరో చోటు దొరకలేదా?" అన్నాడు. సభలో నవ్వులు. కథ మీద చర్చ ఆ నవ్వులతోనే ముగిసిపోయింది. ఆ కంపెనీ మాత్రలు మింగినవాళ్లెవరు, వాళ్లేమయ్యారు అన్న మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంటికి వచ్చిన తరువాత అది మనసులో ముల్లులా మిగిలింది. ఈ నాలుగు మాటలూ ఆ బాకీ తీర్చుకోవడానికి రాస్తున్నవి.

సంస్థ లోపల ఉండి అక్కడి అన్యాయాన్ని బయటపెట్టేవాణ్ణి ఇంగ్లీషులో విజిల్ బ్లోయర్ అంటారు. మన పత్రికలు 'ప్రజావేగు' అన్న మాటను వాడుకలోకి తెచ్చాయి. మాట బాగానే ఉంది గాని దానిలో ఒక చిక్కు ఉంది. వేగు అంటే గూఢచారి. పరాయి రాజ్యపు గుట్టు తన రాజుకు చేరవేసేవాడు. ప్రజావేగు చేసేది అందుకు విరుద్ధమైన పని. తన కొలువులోని గుట్టునే జనానికి చేరవేస్తాడు. అంటే పేరులోనే ఒక అనుమానం పొంచి ఉన్నది. వాడు సరిహద్దు దాటి మరో రాజ్యంలో తలదాచుకున్న మరుక్షణం ముందున్న 'ప్రజా' ఊడిపోయి 'వేగు' ఒక్కటే మిగులుతుంది. మా గోష్ఠిలో జరిగింది అదే.

గట్టు దాటడమంటే ఏమిటో మా ఊరివాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 1860లో జరిగిన ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం ప్రాంతం నిజాం చేతినుంచి బ్రిటిష్ వారికి పోయింది. ఈ గట్టున ఉన్న బూర్గంపహాడ్, సారపాకలు నిజాం కిందనే ఉండిపోయాయి. సుమారు 90 ఏళ్లపాటు ఈ నది రెండు ప్రభుత్వాల నడుమ సరిహద్దు. ఈ గట్టున నేరమైనది ఆ గట్టున నేరం కాకపోవచ్చు. ఈ గట్టు పోలీసు ఆ గట్టున ఎవరూ కాడు. ఇప్పుడు మా బడి పిల్లలు వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ అవతలికి పోయి పుస్తకాలు కొనుక్కొస్తారు. ఇది ఒకప్పుడు దేశాల పొలిమేర అంటే నమ్మరు. (2014లో రాష్ట్రాల పొలిమేర మళ్లీ జరిగి భద్రాచలం పక్కకే వచ్చింది. అది వేరే కథ.) మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. నిజాం ప్రజకు ఆవలి గట్టు ఆశ్రయమే. కాని ఆ గట్టును ఏలేది ఎవరు? నిజాంను గద్దె మీద నిలబెట్టిన బ్రిటిష్ వాళ్లే. యజమాని లేని గట్టు ఏ నదికీ ఉండదు.

మిత్రుడు చెప్పిన సామెత విభీషణుడిది. రాముడి గుడి గంట వినబడే ఊళ్లో ఆ సామెతకు ఉన్న బలం మామూలుది కాదు. కాని వాల్మీకి యుద్ధకాండ తెరిచి చూస్తే సామెత కథను నడిమినుంచి మొదలుపెట్టిందని తెలుస్తుంది. విభీషణుడు ముందు మాట్లాడింది రావణుడి నిండు కొలువులో. చెప్పింది గుట్టు కాదు, అందరికీ తెలిసినదే: బలాత్కారంగా తెచ్చిన స్త్రీని తిరిగి పంపమన్నాడు. అవమానం జరిగిన తరువాతనే నలుగురు అనుచరులతో సముద్రం దాటాడు. అక్కడ వానర నాయకులు చేసిన చర్చ మన గోష్ఠుల చర్చ కంటె మెరుగైనది. వీడు వేగు, చంపేద్దామంటాడు సుగ్రీవుడు. పరీక్షించి చూద్దామని కొందరు. హనుమంతుడు నమ్మవచ్చునంటాడు. సుగ్రీవుడు మళ్లీ లేచి, ఆపదలో ఉన్న అన్ననే విడిచి వచ్చినవాడు రేపు ఎవరిని విడవడని అడుగుతాడు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదది. ఆ పిమ్మట రాముడు అతని నోట లంక బలాబలాలు చెప్పించుకుంటాడు. సముద్రజలం తెప్పించి లంకకు రాజుగా అభిషేకం చేయిస్తాడు. గుట్టు అడగడం, పట్టం కట్టడం ఒకే సందర్భంలో జరిగిపోయాయి. శరణాగతి ఘట్టంగా పారాయణ చేసేవారు ఈ బేరాన్ని చూడరు. సామెత చెప్పేవారు ఆ బేరాన్ని తప్ప మరేదీ చూడరు. సీత అశోకవనంలో బందీగా ఉన్నదా లేదా అన్న ప్రశ్న ఇద్దరికీ పట్టదు. విభీషణుడికి పట్టం దక్కినా, దక్కకపోయినా సీత బందీయే కదా!

ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడమే నా ఉద్దేశం. చెప్పింది నిజమా అన్నది ఒకటి. చెప్పినవాడు ఎవరి నీడన నిలిచాడు, ఆ నీడకు ఏమి చెల్లించాడు అన్నది మరొకటి. రెండవదాన్ని అడగవద్దని నేననను. మొదటిదానికి జవాబుగా రెండవదాన్ని వాడరాదంటున్నాను.

మన గడ్డ మీదనే జరిగిన ఒక ఉదంతం చూద్దాం. 1883 నాటి చాందా రైల్వే వ్యవహారం. అఘోరనాథ్ ఛటోపాధ్యాయ అంటే సరోజినీ నాయుడు తండ్రిగా మన విద్యార్థులకు తెలుసు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో డి.ఎస్సి. పొంది వచ్చి, హైదరాబాదులో కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేస్తున్న వ్యక్తి. ఆ ఏడు ఫిబ్రవరిలో సాలార్ జంగ్ చనిపోయాడు. నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. ఆ సందులో లండను పెట్టుబడిదారులతో రైల్వే బేరం ఒకటి నడుస్తున్నది: ఉన్న లైనును కంపెనీకి అప్పగించాలి, దాన్ని వరంగల్లు మీదుగా చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించాలి, కంపెనీ వాటాదారులకు వడ్డీ హామీ నిజాం ఖజానా ఇవ్వాలి. రైలు నడిచినా నడవకపోయినా, లాభం వచ్చినా రాకపోయినా, వడ్డీ మాత్రం రైతు కట్టిన శిస్తులోంచి పోతుందన్నమాట.

అఘోరనాథుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మరికొందరు కలిసి ఒక సంఘంగా ఏర్పడి, ఒప్పందం షరతులేమిటో ప్రజలకు వెల్లడించమని అడిగారు. రైలు వద్దనలేదు. కాగితం చూపించమన్నారు, అంతే. 1883 మేలో ప్రభుత్వం అఘోరనాథుణ్ణి ఉద్యోగంనుంచి తొలగించి రాజ్యంనుంచి వెళ్లగొట్టింది. ఎక్కడికి? హైదరాబాదు రాజ్యం పొలిమేర దాటితే ఏ దిక్కున అడుగుపెట్టినా బ్రిటిష్ ఇండియాయే. ఏ లండను పెట్టుబడి వ్యవహారాన్ని ప్రశ్నించాడో ఆ లండను జెండా కిందనే ఆయన తలదాచుకోవలసి వచ్చింది. అప్పుడెవరైనా మా మిత్రుడిలాగా లేచి, "నిజాం తప్పులెన్ని తెల్లవాడి పంచన చేరాడు" అని ఉంటే, వాక్యంగా అది తప్పు కాదు. కాని ఆ వాక్యం వల్ల ఒప్పందంలోని ఒక్క షరతైనా మంచిదైపోతుందా?

అనుమానం నిజమని తేలడానికి అయిదేళ్లు పట్టింది. లండనులో రైల్వే బేరం నడిపిన అబ్దుల్ హక్ అనే అధికారి హస్తమే ఆ తరువాత గనుల హక్కుల బేరంలోనూ ఉంది. ఆ గనుల కంపెనీ వాటాల అక్రమాల మీద 1888లో బ్రిటిష్ కామన్స్ సభ స్వయంగా విచారణ సంఘం వేయవలసి వచ్చింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. అదే ఏడు రైలు డోర్నకల్ దాటి మా ఇల్లెందు బొగ్గు దాకా వచ్చింది. మరుసటి ఏడు బెజవాడ చేరింది. సింగరేణి చరిత్ర రాసేవారు బొగ్గు కనుగొన్న విలియం కింగ్ పేరు మరిచిపోరు. ఆ బొగ్గును మోసుకుపోయే రైలు కాగితాలు చూపించమని ఉద్యోగం పోగొట్టుకున్న ప్రిన్సిపాలు పేరు ఎంతమంది తలుస్తున్నారు? (ఆయన్ను కొన్నాళ్లకు మళ్లీ పిలిచి కొలువిచ్చారు. పాలకులకు చదువుకున్నవాడి అవసరం అటువంటిది.)

మా గోష్ఠిలో చదివిన కథకు దగ్గరి ఉదంతం రాన్‌బాక్సీది. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగు చదివిన దినేశ్ ఠాకూర్ ఆ కంపెనీలో ఉన్నతోద్యోగి. పై అధికారి పురమాయింపు మీద పరీక్షల లెక్కలు తవ్వి తీశాడు. ఆ లెక్కలు కంపెనీ పాలకమండలి దాకా పోయాయి, అక్కడ ఆగిపోయాయి. 2005లో ఉద్యోగం వదిలి మారుపేరుతో అమెరికా ప్రభుత్వ శాఖకు రాశాడు. 2013లో కంపెనీ అక్కడి కోర్టులో నేరం ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు కట్టింది. అక్కడి చట్టం ప్రకారం ఠాకూర్ వాటాగా 4 కోట్ల 80 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఇదిగో విభీషణుడి పట్టం, అనవచ్చు. అమెరికా ప్రభుత్వం మన మందుల మీద చూపే శ్రద్ధ వెనుక అక్కడి కంపెనీల ప్రయోజనం ఉండదనేంత అమాయకత్వం నాకు లేదు. అయినా ఆ మందుల్లో ఆఫ్రికాలోని ఎయిడ్స్ రోగులకు పంపినవీ ఉన్నాయి. ఆ రోగికి ఏ సామ్రాజ్యవాదంతో పొత్తు? ఇదే ఠాకూర్ 2016లో మన మందుల తనిఖీ వ్యవస్థను సరిదిద్దమని మన సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. కోర్టు విచారణకు తీసుకోలేదు. ఇంటి తలుపు తెరుచుకోలేదన్న సంగతి సామెతలో ఉండదు.

తలుపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఎడ్వర్డ్ స్నోడెన్ సంగతి చెప్పుకోకుండా దాటలేము. ప్రజావేగు ఆశ్రయం మీద ఈ శతాబ్దంలో ఇంతగా రచ్చ జరిగిన ఉదంతం మరొకటి లేదు. అమెరికా గూఢచారి సంస్థ కోట్లాదిమంది టెలిఫోను, ఇంటర్నెట్ వివరాలు మూటగట్టుకుంటున్నదని 2013 జూన్‌లో హాంకాంగ్ నుంచి వెల్లడించాడు. జూన్ 23న మాస్కోలో దిగాడు. హవానా మీదుగా ఈక్వడార్ పోవాలనుకున్నాడు. అప్పటికే అమెరికా పాస్‌పోర్టు రద్దు చేసింది. అతను ఎక్కుతాడనుకున్న హవానా విమానంలో విలేకరులు ఎక్కి అతని ఖాళీ సీటుకు ఫొటోలు తీసుకున్నారు. సుమారు 40 రోజులు విమానాశ్రయంలోనే గడిపాడు. ఇరవైకి పైగా దేశాలకు దరఖాస్తులు పోయాయి. వాటిలో మన దేశమూ ఒకటి. జూలై 2న మనం కాదన్నాం. అమెరికా నిఘా ఎక్కువగా పడిన దేశాల్లో మనదీ ఉన్నదని అతను బయటపెట్టిన పత్రాలే చెప్పాయి. మన గుట్టు ఎవరు దొంగిలిస్తున్నారో చెప్పినవాడికి మనం గడప చూపించలేదు. ఆ రోజుల్లోనే, అతణ్ణి వెంట తీసుకుపోతున్నాడన్న అనుమానంతో బొలీవియా అధ్యక్షుడి విమానానికి యూరపు దేశాలు దారి ఇవ్వక, అది వియన్నాలో దిగవలసి వచ్చింది. ఒక దేశాధ్యక్షుడికే ఆకాశం మూసిన చోట ఒక ముప్ఫై ఏళ్ల యువకుడు 'ఎంచుకున్నాడు' అనడం భాషాదోషం.

అలాగని రష్యా ఆశ్రయాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. 2016లో అక్కడి నిఘా చట్టాన్ని అతను బాహాటంగానే విమర్శించాడు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలైన తరువాత ఆ గొంతు బాగా తగ్గిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో రష్యా పౌరసత్వం వచ్చింది. నీడకు చెల్లించే పన్ను మౌనం రూపంలో ఉంటుంది. ఆ మౌనాన్ని విమర్శించే హక్కు మనకున్నది. కాని అతను 2013లో చెప్పింది నిజమో కాదో తేలింది మాస్కోలో కాదు. అమెరికా అప్పీలు కోర్టులే 2015లో ఒకసారి, 2020లో మరొకసారి ఆ టెలిఫోను వివరాల సేకరణ చట్టవిరుద్ధమన్నాయి.

ఇక మన ఇంటి సంగతి. అఘోరనాథుడి పెద్ద కొడుకు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ 1880లో హైదరాబాదులో పుట్టాడు. చదువుకోసం ఇంగ్లండు పోయి విప్లవకారుడైనాడు. పోలీసులు వెంటబడగా ప్యారిస్ చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్లిన్‌లో కైజరు ప్రభుత్వ సహాయంతో భారత స్వాతంత్ర్య సంఘం నడిపాడు. తరువాత స్టాక్‌హోమ్. 1927లో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘం స్థాపించినవారిలో ఒకడు. జర్మనీలో హిట్లరు బలపడుతున్న రోజుల్లో సోవియట్ యూనియన్ చేరాడు. లెనిన్‌గ్రాడ్‌లో సైన్సు అకాడమీకి చెందిన జాతిశాస్త్ర సంస్థలో పండితుడిగా పనిచేశాడు. 1937లో అరెస్టు చేశారు. సెప్టెంబరు 2న కాల్చి చంపారు.

తండ్రి ఏ పొలిమేర దాటవలసి వచ్చిందో, కొడుకు అంతకు ఎన్నో రెట్లు దాటాడు. ప్రతి గట్టుకూ ఒక యజమాని. బ్రిటిష్ వాడికి శత్రువైన కైజరు మిత్రుడైనాడు. హిట్లరుకు శత్రువైన రాజ్యమే చివరి నీడ అనుకున్నాడు. కైజరు సొమ్ము తిన్నాడని ఆయన మీద బ్రిటిష్ వారు వేసిన అభాండం మనకు అభాండంగానే తోచింది, సంతోషం. మరి చివరి నీడ సంగతి మనం ఏ మేరకు మాట్లాడాం? అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం లక్నోలో పుట్టింది 1936 ఏప్రిల్‌లో. ఏడాదిన్నర లోపల, ఆ సంఘం ఆశాజ్యోతిగా చూసిన దేశంలో హైదరాబాదు బిడ్డ ఒకడు తుపాకీ గుండుకు బలి అయినాడు. మన తెలుగు సంఘం 1943లో తెనాలిలో ఏర్పడింది. 1952లో ఆయన తమ్ముడు, కవి హరీంద్రనాథ్‌ను విజయవాడ ఓటర్లు కమ్యూనిస్టుల మద్దతుతో లోక్‌సభకు పంపారు. అన్నగారు పోయి అప్పటికి 15 ఏళ్లు. ఎలా పోయాడన్నది ఇంకా బయటికి రాలేదు. సోవియట్ దస్తావేజులు తెరిచిన తరువాత గాని తేదీతో సహా తేలలేదు. తేలి కూడా ఇప్పటికి ఎన్నో ఏళ్లు. ఆ తేలిన నిజం మీద మన పత్రికల్లో రావలసినంత చర్చ రాలేదని చెప్పక తప్పదు. స్నోడెన్‌కు రష్యా ఆశ్రయం ఏమిటని అనుమానించేవాడు, ఠాకూర్‌కు అమెరికా ఆశ్రయం ఏమిటని అనుమానించేవాడు, ఇద్దరూ సగం అనుమానస్థులే. తమకు ఇష్టంలేని గట్టును మాత్రమే అనుమానిస్తారు. మా మిత్రుణ్ణి అని నన్ను నేను తప్పించుకోవడం లేదు. నా యౌవనంలో ఛటో పేరు గర్వంగా చెప్పుకున్న రోజుల్లో ఆయన ఎలా చనిపోయాడని నేనూ అడగలేదు.

"అయితే ఇక్కడే ఉండి పోరాడాలి" అన్న వాదం మిగిలింది. గౌరవనీయమైన వాదమే. అమెరికాలో వియత్నాం యుద్ధ రహస్యాలు 1971లో బయటపెట్టిన ఎల్స్‌బర్గ్ దేశం విడవలేదు, విచారణకు నిలబడ్డాడు, ప్రభుత్వపు సొంత అక్రమాలు బయటపడి 1973లో కేసు కొట్టివేశారు. ఆ ఎల్స్‌బర్గే 2013లో, తన కాలపు అమెరికా వేరు, స్నోడెన్ వెళ్లిపోవడమే సరైనదని రాశాడు. మన దగ్గరి ఉదాహరణలు ఇంతకంటె కఠినమైనవి. మహబూబాబాదు ప్రాంతంలో పుట్టిన షోయబుల్లా ఖాన్ తన 'ఇమ్రోజ్' పత్రికలో రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టాడు. బెదిరింపులు వచ్చాయి. పొలిమేర ఆవల బెజవాడ ఉంది, షోలాపూర్ ఉంది, ఎంతోమంది పోయారు. ఆయన పోలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి వస్తుంటే నరికి చంపారు. రాసిన చేతులు నరికారు. 2003 నవంబరులో గయలో సత్యేంద్ర దుబే అనే యువ ఇంజనీరు రహదారుల పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి, తన పేరు గోప్యంగా ఉంచమని వేడుకుంటూ రాసిన తరువాత హత్యకు గురి అయినాడు. అటువంటివారి రక్షణకని 2014లో పార్లమెంటు చట్టం చేసింది. పదేళ్లు గడిచినా దాన్ని అమలులో పెట్టిన తేదీ లేదు. ఈ స్థితిలో 'ఇక్కడే ఉండాలి' అని కథలోని పాత్రను శాసించడం మన బల్లల దగ్గర కూర్చున్న మనకు చాలా సులువు. షోయబుల్లా ఖాన్ త్యాగం ఆయన తనంతట తాను చేసినది. దాన్ని మరొకడి మీద పన్నుగా వేయడానికి మనమెవరం?

పోయిన ఆదివారం ఆ యువ రచయిత మా ఇంటికి వచ్చాడు. "సార్, ముగింపు మార్చమంటారా? వాణ్ణి ఇక్కడే ఉంచేస్తాను" అన్నాడు.

"ముగింపు జోలికి పోకు బాబూ. వాడు విమానం ఎక్కేముందు ఎన్ని తలుపులు తట్టాడో రాయి. ఎవరెవరు, ఏ మాటతో తలుపు వేశారో రాయి. ఆ దేశం చేరిన తరువాత వాడు ఏ సంగతి మాట్లాడటం మానేశాడో అదీ రాయి" అన్నాను.

నిన్న నాలుగు పేజీలు పెంచి తెచ్చాడు. ఢిల్లీలో ఒక కార్యాలయం. గుమాస్తా ఫిర్యాదు కాగితం తీసుకుంటాడు గాని రసీదు ఇవ్వనంటాడు. కెమిస్టు సాయంత్రం దాకా రసీదు కోసం బెంచీ మీద కూర్చుంటాడు. ఆ ఘట్టం బాగుంది. అమెరికా భాగం ఇంకా పలచగానే ఉన్నది. ఆ మాత్రలు మింగిన మనిషి మాత్రం ఇప్పటికీ కథలోకి రాలేదు. అడిగితే, వచ్చే గోష్ఠికి తెస్తానన్నాడు.